నివురు చాటున నక్షత్రాలు



వేసవి సెలవులకు తాతగారి ఊరు వెళ్ళివచ్చిన ఒక చిన్నారి పాఠకురాలు మాకు ఉత్తరం వ్రాసింది. ఒకనాడు రాత్రి రెండు గంటల వేళ కరెంటు పోయిందట. ఉక్కపోతకు తాళలేక అందరూ చాపలు తీసుకొని డాబా మీదికి చేరారట. ఊరంతా చీకటిగా ఉన్నందువలన దక్షిణ దిక్కున పాలపుంత చక్కగా కనిపించింది. "కాని దాని మధ్యలో నల్లని చారలు ఉన్నాయి. అక్కడ నక్షత్రాలు లేవా? తాతయ్యను అడిగితే పత్రికకు వ్రాయమన్నారు" అని ఆ అమ్మాయి ప్రశ్న. తాతయ్యగారు తెలివిగా తప్పించుకొని బరువు మా మీద పెట్టారు!

అమ్మా, నీ ప్రశ్న చిన్నదేమీ కాదు. 18వ శతాబ్దంలో విలియం హెర్షెల్ అంతటి ఖగోళ శాస్త్రజ్ఞుడు కూడా ఆ నల్లని చోట్లు నక్షత్రాలు లేని ఖాళీలనే తలచాడు. అవి ఖాళీలు కావు. అక్కడ దుమ్ము ఉన్నది. దాని వెనుక నక్షత్రాలు ఉన్నవి, దాని లోపల కూడా ఉన్నవి. కొత్త నక్షత్రాలు పుట్టేది ఎక్కువగా ఆ దుమ్ములోనే.

దుమ్ము అనగానే బండి పోయినప్పుడు వీధిలో లేచే మట్టి అనుకోవద్దు. ఈ రేణువులు అంతకంటె చాలా సన్నవి. వంటింటి పొగలో తేలే మసితో పోల్చవచ్చు. కొన్ని నిజంగా మసివంటి కర్బనపు రేణువులే, మరికొన్ని ఇసుకకు చుట్టమైన సిలికేటు రేణువులు. ముసలివైన నక్షత్రాల పైపొరల నుండి, పేలిపోయిన నక్షత్రాల శిథిలాల నుండి ఇవి తయారౌతాయి. కొత్త నక్షత్రం వెదజల్లే నీలి కాంతిని, అతినీలలోహిత కిరణాలను ఈ రేణువులు మ్రింగివేస్తాయి. మ్రింగిన కాంతి ఎక్కడికీ పోదు. రేణువు కొంచెం వెచ్చబడి, ఆ వెచ్చదనాన్నే కంటికి కనబడని కిరణాలుగా మళ్ళీ బయటికి పంపుతుంది.

దాలి చూచినవారికి ఇది వెంటనే అర్థమౌతుంది. పల్లెటూళ్ళ పెరళ్ళలో దాలిలో పిడకలు పేర్చి, నివురు కప్పి, పైన పాలకుండ పెట్టేవారు. మంట కనబడదు. కొత్తగా వచ్చినవాడు చూస్తే చల్లారిపోయిన బూడిద అనుకొంటాడు. చేయి దగ్గర పెడితే తెలుస్తుంది సంగతి. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, దట్టమైన మీగడ కడుతుంది. ఆ అమ్మాయి చూచిన నల్లని చారలు పాలపుంతలోని దాలులు.

అయితే ఈ నెల మేము చెప్పదలచినది పాలపుంత గురించి కాదు. పాలపుంతలో అక్కడక్కడ మాత్రమే నివురు ఉన్నది. ఇంచుమించు మొత్తమంతా నివురుగప్పి ఉన్న గెలాక్సీలు కొన్ని బహుదూరాన ఉన్నాయి. అవి ఉన్నట్టు 1997 వరకు ఎవరికీ సరిగా తెలియలేదు.

దీనికి ముందు జరిగినది కొంచెం చెప్పాలి. 1995 డిసెంబరులో హబుల్ అంతరిక్ష టెలిస్కోపును సప్తర్షి మండలంలో ఒక చిన్న ఖాళీ చోటు వైపు తిప్పి, పది రోజులపాటు కదలకుండా ఉంచారు. ఆ చోటు ఎంత చిన్నదంటే, 100 మీటర్ల దూరాన పట్టుకొన్న టెన్నిస్ బంతి అంత. ఏమీ కనబడదేమో, అంత విలువైన సమయం వృథా అవుతుందేమో అని కొందరు సందేహించినా, ఆ సంస్థ డైరెక్టరు రాబర్ట్ విలియమ్స్ తన స్వంత అధికారంలో ఉన్న సమయాన్ని దీనికి కేటాయించారు. 342 ఛాయాచిత్రాలు కలిపి చూస్తే ఆ ఖాళీ చోటులో సుమారు 3,000 గెలాక్సీలు ఉన్నాయి! ఎంతో దూరం నుండి, అంటే ఎంతో పూర్వం నుండి వచ్చిన వెలుగు అది.

దానితో శాస్త్రజ్ఞులకు ఒక లెక్క కట్టే వీలు చిక్కింది. విశ్వంలో ఏ కాలంలో ఎన్ని నక్షత్రాలు పుట్టాయి? పియరో మడౌ, ఆయన సహచరులు 1996లో ఆ లెక్క వేసి ప్రచురించారు. మంచి లెక్కే. కాని అది కనబడిన వెలుగును బట్టి కట్టిన లెక్క. ఊరిలో పంట ఎంత పండిందో తెలుసుకోవడానికి రోడ్డు మీద పోయే ధాన్యపు బండ్లను మాత్రమే లెక్కపెట్టినట్లు. గాదెలలోనూ పాతరలలోనూ దాచిన ధాన్యం సంగతి ఏమిటి?

పాతరలో ధాన్యం ఉన్నదన్న సూచన అదే సంవత్సరం వచ్చింది. 1989లో పంపిన కోబె అనే ఉపగ్రహం ఆకాశమంతటి నుండి వచ్చే వేడిమిని కొలిచింది. ఆ కొలతలను పరిశీలించిన జాన్ లూప్ ప్యూజే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుని బృందం, అన్ని దిక్కుల నుండి ఒక మసక పరారుణ వెలుగు వస్తున్నదని 1996లో తెలిపింది. దాని మొత్తం చిన్నది కాదు. గెలాక్సీలన్నిటి నుండి మనకు కంటివెలుగుగా వచ్చేది ఎంతో, దుమ్ము మ్రింగి వేడిగా మార్చినది కూడా ఇంచుమించు అంతే! అనగా సగం పద్దు లెక్కలోనికి రాలేదు. ఆ వేడి ఏయే గెలాక్సీలది? కోబె చెప్పలేకపోయింది. దానిది ఊరి మీద వెచ్చదనం ఉన్నదని చెప్పగల చూపే గాని, ఏ ఇంటి దాలి నుండి వస్తున్నదో చెప్పగల చూపు కాదు.

ఇళ్ళు వెదకాలంటే ఏ కిరణాలతో వెదకాలి? గెలాక్సీల దుమ్ము వెచ్చబడినది అంటున్నామే గాని, అది మన లెక్కలో గడ్డకట్టించే చలి. సున్నాకు దిగువ 230, 240 డిగ్రీలు. అంత చల్లని వస్తువు వెదజల్లే కిరణాల తరంగదైర్ఘ్యం మిల్లీమీటరులో పదవ వంతు దగ్గర ఉంటుంది. విశ్వం వ్యాకోచిస్తున్నది గనుక, దారిలో ఆ తరంగాలు సాగిపోతాయి. ఎంత దూరం నుండి వస్తే అంత సాగుతాయి. మన దగ్గరకు వచ్చేసరికి అవి అర మిల్లీమీటరు, ముప్పాతిక మిల్లీమీటరు, దాదాపు ఒక మిల్లీమీటరు పొడవు అవుతాయి. వీటినే సబ్‌మిల్లీమీటరు తరంగాలు అంటారు. రేడియో తరంగాలకూ పరారుణ కిరణాలకూ మధ్య సరిహద్దు గ్రామం వంటిది ఈ భాగం. రేడియో వారి పరికరాలు పూర్తిగా పనిచేయవు, కెమెరాల వారి పరికరాలూ పనిచేయవు. అందువలన చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు.

మరొక చిక్కు నీటి ఆవిరి. గాలిలోని తేమ ఈ తరంగాలను మధ్యలోనే పీల్చివేస్తుంది. మన కోస్తా జిల్లాలలో శ్రావణమాసపు గాలిలో నిలబడి వీటికోసం చూడడం, గోడకు ఎదురుగా నిలబడి చూడడంతో సమానం. కాబట్టి తేమకు పైన ఉండే చోటు వెదకాలి. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి ద్వీపంలో మౌనా కేయా అనే నిద్రాణంగా ఉన్న అగ్నిపర్వతం ఉన్నది. దాని శిఖరానికి దగ్గరగా, 4,092 మీటర్ల ఎత్తున, 1987లో 15 మీటర్ల పళ్ళెము గల టెలిస్కోపు పనిచేయసాగింది. మన తూర్పు కనుమలలో ఏ కొండైనా ఆ ఎత్తులో సగానికి రాదు. అక్కడ గాలి పలుచన. పనిచేసేవారు తిన్నగా పైకి పోరాదు. 2,800 మీటర్ల ఎత్తున ఉన్న బసలో ముందు కొంతకాలం గడిపి, శరీరాన్ని అలవాటు చేసుకొని వెళ్ళాలి.

ఆ టెలిస్కోపు పేరు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. వెలుగు, విద్యుత్తు, అయస్కాంతము ఒకే కుటుంబానికి చెందినవని సమీకరణాలతో చూపించిన స్కాట్లండు దేశస్థుడు ఆయన. 1831లో పుట్టి 1879లో చనిపోయాడు. తన గ్రామప్రాంతపు సంఘంలో పెద్దగా కూడా సేవ చేశాడు. కంటికి కనబడని తరంగాలు ఉంటాయని ఆయన సమీకరణాలే ముందుగా తెలిపాయి గనుక, కనబడని వెలుగును వెదకే టెలిస్కోపుకు ఆయన పేరు పెట్టడం సముచితంగానే ఉన్నది.

ఒక వింత చెప్పాలి. ఈ టెలిస్కోపు ముందు ఒక పెద్ద బట్ట తెర కట్టి ఉంటుంది. గోర్‌టెక్స్ అనే నేత, వానకోటులకు వాడేది. గాలిని, దుమ్మును, ఎండను అది ఆపుతుంది. సబ్‌మిల్లీమీటరు తరంగాలు మాత్రం తెర లేనట్టే దాటి లోపలికి వస్తాయి. తెర వేసుకొని ఆకాశాన్ని చూడడం అంటే మా ఇంట్లోవారు నమ్మలేదు!

1997 నాటికి ఆ టెలిస్కోపుకు స్కూబా అనే కొత్త కెమెరా అమర్చారు. ఎడిన్‌బరోలో తయారైనది. దీని మూలసూత్రం పాతదే. 1880 ప్రాంతంలో అమెరికాలో శామ్యూల్ లాంగ్లీ బోలోమీటరు అనే పరికరం కనిపెట్టాడు. సన్నని లోహపు పట్టీ మీద వేడి పడితే దాని విద్యుత్ నిరోధం కాస్త మారుతుంది, ఆ మార్పును కొలిచి ఎంత వేడి పడిందో చెప్పవచ్చు. పావు మైలు దూరాన నిలబడ్డ ఆవు ఒంటి వేడిని కూడా అది పట్టగలదని చెప్పుకొనేవారు. స్కూబాలో అటువంటివే చిన్న చిన్న బోలోమీటర్లు వరుసలుగా పేర్చి ఉన్నాయి. 0.85 మిల్లీమీటరు తరంగాలకు 37, 0.45 మిల్లీమీటరు తరంగాలకు 91. వీటిని పరమశూన్య ఉష్ణోగ్రతకు ఒక డిగ్రీలో పదవ వంతు మాత్రమే ఎగువన ఉంచాలి. ఎందుకంటే, వేడిని వెదకే పరికరమే వేడిగా ఉంటే దాని వేడిలో అసలు సంగతి మునిగిపోతుంది. జ్వరంతో కాలిపోతున్న చేత్తో బిడ్డ నుదురు తాకి జ్వరం చూడగలమా?

అంత చేసినా పని సుళువు కాలేదు. కొండ మీది గాలి కూడా వెచ్చనిదే, అది వెదజల్లే వేడి దూరపు గెలాక్సీ వేడికన్న ఎన్నో వేల రెట్లు ఎక్కువ. మిట్టమధ్యాహ్నం ఎండలో మిణుగురును వెదకినట్లే. దీనికి వారు పన్నిన ఉపాయం ఏమంటే, టెలిస్కోపులోని చిన్న అద్దాన్ని సెకనుకు సుమారు 8 సార్లు ఇటూ అటూ ఊపడం. ఒకసారి వెదకే చోటు, ఒకసారి ప్రక్కనున్న ఖాళీ చోటు. రెండింటిలోనూ గాలి వేడి సమానమే గనుక, ఒకదానిలో నుండి రెండవది తీసివేస్తే గాలి పోతుంది. ఏదైనా మిగిలితే అది ఆకాశానిదే. తరాజులో ముందు ఖాళీ సంచి బరువు చూచి, తరువాత ధాన్యం సంచి బరువులో నుండి తీసివేసే పద్ధతి ఇది. ఇలా గంటల తరబడి కూడితేనే ఒక్క చుక్క పైకి తేలుతుంది.

ఇక్కడ ప్రకృతి శాస్త్రజ్ఞులకు ఒక మేలు చేసింది. ఈ శీర్షికలో ఇంతవరకు మేము వ్రాసిన ఆశ్చర్యాలలో దీనిని ముందు వరుసలో పెడతాము, కాబట్టి నిదానంగా చదవండి.

దీపం దూరం జరిగేకొద్దీ మసకబారుతుంది. ఇది అందరికీ తెలిసినదే. కాని 0.85 మిల్లీమీటరు వద్ద చూస్తే దుమ్ము గెలాక్సీ దూరం జరిగినా దాదాపు మసకబారదు! కారణం ఇది. కాస్త దగ్గరి గెలాక్సీ నుండి వచ్చే తరంగాలు రెండింతలు సాగాయనుకోండి. మనం 0.85 వద్ద పట్టుకొన్నది బయలుదేరినప్పుడు 0.42 ఉండేది. దుమ్ము ఆ తరంగాలను కొద్దిగానే వెదజల్లుతుంది. ఇంకా ఎంతో దూరపు గెలాక్సీ నుండి వచ్చేవి ఆరింతలు సాగుతాయి. అక్కడ మనం పట్టుకొన్నది బయలుదేరినప్పుడు 0.14. దుమ్ము తన వేడిని దండిగా వెదజల్లేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. దూరం వలన కలిగే నష్టాన్ని ఈ లాభం పూడ్చివేస్తుంది. అంగడి దూరమైనకొద్దీ బండి కూలి పెరుగుతుంది, కాని అక్కడ ధర కూడా అంతే పెరిగితే రైతుకు మిగిలేది ఒకటే గదా! అందువలన దగ్గరిదాని కంటె దూరపుదాన్ని కనుగొనడం ఇక్కడ కష్టం కాదు. మామూలు వెలుగులో ఈ సౌకర్యం లేనే లేదు.

1997లో ఇయాన్ స్మెయిల్, రాబ్ ఐవిసన్, ఆండ్రూ బ్లెయిన్ అనే ముగ్గురు స్కూబాతో మొదటి వేట చేశారు. గెలాక్సీల పెద్ద గుంపుల వెనుక వెదకారు. అటువంటి గుంపు యొక్క గురుత్వాకర్షణ భూతద్దంలాగా వెనుకనున్న వాటిని పెద్దవిగా చూపుతుంది. వెదకిన కొద్దిపాటి చోటులోనే, ఎవరూ ఊహించనంత దండిగా దొరికాయి. మరుసటి సంవత్సరం డేవిడ్ హ్యూస్ బృందం హబుల్ పది రోజులు చూచిన ఆ సప్తర్షి మండలపు చోటు మీదికే స్కూబాను తిప్పి, సుమారు 50 గంటలు చూచింది. హబుల్‌కు 3,000 కనబడిన చోట స్కూబాకు కనబడినవి అయిదే. అయిదేనా అని తీసివేయకండి. ఆ కొన్నే అక్కడి దాచిన వేడిలో మంచి భాగానికి ఆధారం. వాటిలో అన్నిటికంటె ప్రకాశవంతమైనదానికి హెచ్.డి.ఎఫ్. 850.1 అని పేరు పెట్టారు.

మరి ఆ మొదటిది హబుల్ చిత్రంలోని ఏ గెలాక్సీ? అసలు కథ ఇక్కడ మొదలైంది. స్కూబా చూపు మసక. దాని ఒక్క చుక్క వెడల్పులో హబుల్ చిత్రంలోని గెలాక్సీలు ఎన్నో ఇమిడిపోతాయి. వేడి ఈ వీధిలో ఉన్నదని తెలిసింది గాని ఇల్లు తెలియలేదు. 1999లో ఫ్రాన్సు ఆల్ప్స్ కొండలలోని ప్లాతో ద బ్యూర్ అనే చోట అనేక పళ్ళెములను కలిపి చూచి స్థానాన్ని నిర్ణయించారు. ఆ స్థానంలో వంపు తిరిగిన ఒక మసక గెలాక్సీ కనబడితే అదే కాబోలు అన్నారు. తరువాత కాదన్నారు. దగ్గరలో దీర్ఘవృత్తాకారపు గెలాక్సీ మరొకటి ఉన్నది, అదీ కాదని తేలింది. అది మనకూ దానికీ మధ్యలో ఉన్న పొరుగు మాత్రమే. సంవత్సరాల తరబడి హబుల్ చిత్రాన్ని ఎంత గాలించినా ఆ చోట ఏమీ లేదు. ప్రపంచంలోని అతి సున్నితమైన కన్ను పది రోజులు చూచినా పట్టలేనంత దట్టంగా నివురు కప్పి ఉన్నది.

మిగతా చోట్ల పని ముందుకు సాగింది. ఈ గెలాక్సీలలో చాలావాటికి మసక రేడియో వెలుగు కూడా ఉంటుంది. స్కాట్ చాప్‌మన్ బృందం అమెరికాలోని రేడియో టెలిస్కోపుల వరుసతో సరియైన చిరునామాలు తెలుసుకొని, మౌనా కేయా మీదనే ఉన్న కెక్ టెలిస్కోపుతో వాటి వర్ణపటాలు తీసింది. 2005 నాటికి 73 గెలాక్సీల దూరాలు తెలిశాయి. వాటిలో మధ్యరకం వాటి వెలుగు బయలుదేరి సుమారు 1,100 కోట్ల సంవత్సరాలు అయింది. మన సూర్యుడు, భూమి పుట్టడానికి ఎంతో ముందు అన్నమాట.

హెచ్.డి.ఎఫ్. 850.1 విషయం మాత్రం 2012 వరకు తేలలేదు. ఫేబియన్ వాల్టర్ బృందం దాని వెలుగును వెదకడం మాని, దాని వాయువును వెదకింది. కార్బన్ అయాన్లు, కార్బన్ మోనాక్సైడు వాయువు కొన్ని నిర్ణీత తరంగాలు వెదజల్లుతాయి. అవి ఎంత సాగి వచ్చాయో కొలిస్తే దూరం తెలుస్తుంది. ఆ తరంగాలు ఆరు రెట్లకు పైగా సాగాయి! అవి బయలుదేరినప్పుడు విశ్వం వయస్సు సుమారు 110 కోట్ల సంవత్సరాలే. ఇప్పుడది 1,380 కోట్లు. ఆ చిన్నవయస్సులోనే ఆ గెలాక్సీలో సంవత్సరానికి సుమారు 850 సూర్యుల బరువు గల నక్షత్రాలు పుడుతున్నాయి, అంటే రోజుకు రెండుకు పైగా. మన పాలపుంతలో సంవత్సరమంతటికీ ఒకటో రెండో. మొదట వేడి తెలిసిన నాటి నుండి ఇల్లు తెలిసే నాటికి 14 సంవత్సరాలు పట్టింది.

వెనుకకు తీసుకోవలసిన మాటలు కూడా కొన్ని వచ్చాయి. చిలీ దేశపు అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున, 66 పళ్ళెములు గల ఆల్మా టెలిస్కోపు 2013లో ప్రారంభమైంది. పాత టెలిస్కోపులు ఒకే గెలాక్సీగా చూపిన చుక్కలలో చాలా వాటిని ఆల్మా విడదీసి, రెండేసి మూడేసి గెలాక్సీలుగా చూపించింది. ఒకే ఇంటి దాలి అనుకొన్నది ప్రక్కప్రక్క ఇళ్ళదన్నమాట. మేము కూడా కొన్నేళ్ళ క్రితం ఒక సభలో ఆ పాత లెక్కలే నమ్మకంగా చెప్పి వచ్చాము. విన్నవారు క్షమించాలి.

పెద్ద చిక్కు దుమ్ము దగ్గరే మిగిలి ఉన్నది. దుమ్ము నక్షత్రాల శేషం గదా, ముందు నక్షత్రాలు బ్రతికి, ముసలివై లేక పేలిపోయి దుమ్ము పోయాలి. దక్షిణ ధ్రువం వద్దనున్న టెలిస్కోపు కనుగొన్న ఒక గెలాక్సీ జంట, విశ్వం వయస్సు 80 కోట్ల సంవత్సరాలు కూడా నిండని కాలానిదని 2017లో తెలిసింది. దానిలో కూడా దండిగా దుమ్ము ఉన్నది. ఇంత త్వరగా అంత బూడిద ఎలా పోగైంది? పేలిపోయిన నక్షత్రాలే పోశాయని కొందరు, రేణువులు వాయువులోనే పెరిగాయని కొందరు వాదిస్తున్నారు. వాదన ఇంకా ముగియలేదు.

2021 క్రిస్మసు రోజున పైకి వెళ్ళిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరారుణ చూపుతో సప్తర్షి మండలంలోని ఆ చోటును మళ్ళీ చూచింది. హబుల్‌కు కనబడని హెచ్.డి.ఎఫ్. 850.1 నక్షత్రాల వెలుగు దానికి చిక్కింది. ఆ చుట్టుప్రక్కల అదే దూరంలో మరెన్నో గెలాక్సీలు గుంపుగా ఉన్నట్టు కూడా తెలిసింది. అది ఒంటరిల్లు కాదు, ఊరే. ఆ గెలాక్సీ మాత్రం వెబ్ చిత్రంలో రెండు ముక్కలుగా కనిపిస్తున్నది. నిజానికి అది విరిగినది కాదు. నడిమి భాగంలో నివురు అంత దట్టంగా ఉన్నది గనుక వెబ్ కూడా అక్కడ లోపలికి చూడలేకపోతున్నది.

అమ్మా, ఈసారి తాతయ్యగారి డాబా ఎక్కినప్పుడు ఉత్తర దిక్కున సప్తర్షులను చూడు. వాటి తొట్టిలాంటి నాలుగు నక్షత్రాలకు కొంచెం పైన, నీ కంటికి ఖాళీగా కనబడే చోటే అది.